క్వించీ వీరుడు మైకేల్ ఓలియరీ

యుద్ధరంగంలో ఒక సైనికుడు ప్రదర్శించే సాహసం కొన్ని నిమిషాలలో ముగిసిపోతుంది. ఆ సాహసం వల్ల లభించిన కీర్తి కొన్ని సంవత్సరాలు నిలుస్తుంది. ఆ మనిషి జీవితం మాత్రం అటు పిమ్మట దశాబ్దాల పాటు కొనసాగుతుంది. చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఆ కొన్ని నిమిషాలనే వర్ణించి విరమిస్తాయి. వీరుని భుజాలకెత్తుకొని ఊరేగించిన సమాజం, ఊరేగింపు ముగిసిన తరువాత అతనికి ఎటువంటి బ్రతుకును కల్పించిందన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో విక్టోరియా క్రాస్ పతకాన్ని పొందిన ఐరిష్ సైనికుడు మైకేల్ ఓలియరీ జీవితం ఆ ప్రశ్నను మన ముందు నిలుపుతుంది.

ఓలియరీ 1890లో ఐర్లండు దక్షిణ భాగాన, కార్క్ కౌంటీలోని ఇంచిగీలా అనే పల్లె సమీపంలో జన్మించాడు. తండ్రి డేనియల్ సామాన్య రైతు, ఐరిష్ జాతీయవాది. ఆనాటి ఐర్లండుకు స్వపరిపాలన లేదు. 1801 నుండి ఆ దేశాన్ని లండన్‌లోని పార్లమెంటే పాలిస్తూ ఉండేది. 1845లో బంగాళాదుంప పంటకు సోకిన తెగులు కారణంగా సంభవించిన మహాక్షామంలో దాదాపు పది లక్షల మంది మరణించారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో జనం ఓడలెక్కి అమెరికాకు, ఇంగ్లండుకు, ఇతర దేశాలకు తరలిపోయారు. ఆ వలస తరువాత కూడా ఆగలేదు. 1841లో సుమారు 82 లక్షలుగా ఉన్న ఐర్లండు జనాభా 1911 నాటికి 44 లక్షలకు పడిపోయిందంటే ఆ నేల ఎంత మంది బిడ్డలను పోగొట్టుకున్నదో ఊహించవచ్చు. పల్లెలలో పెరిగిన యువకులకు ఆ రోజులలో ఉన్న మార్గాలు కొద్ది. తండ్రి దున్నిన కొద్దిపాటి పొలాన్నే నమ్ముకోవడం ఒకటి. ఓడ ఎక్కడం రెండవది. బ్రిటిష్ సైన్యంలో చేరడం మూడవది. ఓలియరీ తన జీవితంలో ఈ మూడింటినీ చవిచూశాడు.

బాల్యంలో ఆయన తండ్రి పొలంలో పని చేశాడు. యువకుడైన తరువాత బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. కాని మోకాళ్ళ కీళ్ళవాతం వల్ల ఆ కొలువు ఎంతో కాలం సాగలేదు. ఇంటికి తిరిగివచ్చి కొంతకాలం గడిపి, 1910లో ఐరిష్ గార్డ్స్ దళంలో సిపాయిగా ప్రవేశించాడు. బోయర్ యుద్ధంలో ఐరిష్ సైనికులు చూపిన పరాక్రమానికి గుర్తింపుగా విక్టోరియా రాణి 1900లో నెలకొల్పిన దళమది. మూడు సంవత్సరాల సేవానంతరం 1913లో ఓలియరీ దళాన్ని వీడి కెనడా చేరుకున్నాడు. అక్కడి సస్కాచెవాన్ రాష్ట్రంలో గుర్రాలపై తిరుగుతూ శాంతిభద్రతలను కాపాడే రాయల్ నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసు దళంలో ఉద్యోగం సంపాదించాడు. సుదీర్ఘమైన కాల్పుల అనంతరం ఇద్దరు నేరస్థులను పట్టుకొన్నందుకు ఆయనకు ఒక బంగారు ఉంగరం బహుమతిగా లభించింది. విక్టోరియా క్రాస్ కన్న ముందే ఆయన ధైర్యానికి దక్కిన తొలి గుర్తింపు అది.

1914 ఆగస్టులో ఐరోపాలో యుద్ధం ప్రారంభమైంది. సైన్యం నుండి విడుదలైనప్పటికీ అవసరమైతే తిరిగి రావలసిన వారి జాబితాలో ఓలియరీ పేరు ఉన్నది. ఆయన కెనడా ఉద్యోగాన్ని విడిచి తన పాత దళంలో చేరాడు. అదే సమయంలో ఐర్లండు ఒక విచిత్రమైన సంధిలో నిలిచి ఉన్నది. ఆ దేశానికి పరిమితమైన స్వపరిపాలనను ఇచ్చే చట్టం 1914 సెప్టెంబరులో ఆమోదం పొందింది. అయితే యుద్ధం ముగిసే వరకు దానిని అమలు చేయరాదని నిర్ణయించారు. ఐరిష్ జాతీయ నాయకుడు జాన్ రెడ్‌మండ్ ఆ నెలలోనే తన దేశీయులను బ్రిటిష్ సైన్యంలో చేరవలసిందిగా కోరాడు. యుద్ధంలో సహకరిస్తే యుద్ధానంతరం స్వపరిపాలన తప్పక లభిస్తుందని ఆయన విశ్వాసం. మరికొందరు జాతీయవాదులకు ఈ మాట ద్రోహంగా తోచింది. ఇంగ్లండు యుద్ధంలో ఐరిష్ రక్తం ఎందుకు చిందాలని వారు ప్రశ్నించారు. ఏది ఏమైనా ఆ నాలుగేళ్ళలో రెండు లక్షలకు పైగా ఐరిష్‌వారు బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు. కొందరిని ఆశయం నడిపించింది. కొందరిని సాహసేచ్ఛ నడిపించింది. అనేకులను ఆకలి నడిపించింది.

ఓలియరీ 1914 నవంబరులో ఫ్రాన్సు చేరుకున్నాడు. అప్పటికే పశ్చిమరంగంలో ఇరుపక్షాలవారు నేలలో కందకాలు త్రవ్వుకొని ఎదురెదురుగా కూర్చున్నారు. ఉత్తర ఫ్రాన్సులోని లా బాసే కాలువ ప్రాంతం ఆ శీతకాలంలో అత్యంత ప్రమాదకరమైన చోట్లలో ఒకటి. ఆ ప్రాంతానికి భారతీయులతో కూడా సంబంధమున్నది. ఐరిష్ గార్డ్స్ అక్కడికి రావడానికి ముందు, ఆ కాలువకు ఉత్తరంగా ఉన్న ఫెస్టుబర్, గివెన్షీ గ్రామాల వద్ద మంచులో, బురదలో నిలిచి పోరాడినవారు లాహోర్, మీరట్ డివిజన్లకు చెందిన భారతీయ సిపాయిలే. గఢ్వాల్‌కు చెందిన దర్వాన్ సింగ్ నేగి 1914 నవంబరులో ఫెస్టుబర్ వద్ద చూపిన పరాక్రమానికి విక్టోరియా క్రాస్ పొందాడు. పరాయి పాలనలో ఉన్న రెండు దేశాల యువకులు ఒకే కాలువ గట్టున, ఒకే చక్రవర్తి కొరకు ప్రాణాలొడ్డడం చరిత్రలో గమనించదగిన విషయం.

కాలువకు దక్షిణపు గట్టున క్వించీ అనే గ్రామం ఉన్నది. అక్కడ ఇటుకల తయారీ జరిగేది. పెద్ద పెద్ద ఇటుకల గుట్టలు కోటబురుజుల వలె నిలిచి ఉండేవి. ఒకవైపు కాలువ, మరొకవైపు ఎత్తైన రైలుకట్ట. వాటి నడుమ పల్లపు నేల. 1915 ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆ పల్లంలో ఉన్న కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ స్థావరాన్ని జర్మన్లు హఠాత్తుగా ఆక్రమించారు. దానిని తిరిగి స్వాధీనం చేసుకోవడానికి చీకటిలోనే చేసిన ప్రయత్నం విఫలమైంది. ముందుకు సాగినవారిలో అనేకులు నేలకొరిగారు. ప్రొద్దెక్కిన తరువాత ఫిరంగులతో ఆ స్థావరంపై కొద్దిసేపు గుండ్ల వర్షం కురిపించి, రెండవ దాడికి ఆజ్ఞ ఇచ్చారు. కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ సైనికులు ముందు నడువగా ఐరిష్ గార్డ్స్ సైనికులు వారిని అనుసరించారు. వారిలో లాన్స్ కార్పొరల్ హోదాలో ఉన్న ఓలియరీ ఒకడు.

దాడి మొదలైన వెంటనే ఓలియరీ తన సహచరులందరినీ దాటి ముందుకు దూసుకుపోయాడు. కాలికింద బురద అడ్డు తగిలిన చోట రైలుకట్ట పైకెక్కి పరుగెత్తాడు. జర్మన్లు నిర్మించుకొన్న మొదటి అడ్డుగోడను సమీపించి, దానిని కాపాడుతున్న ఐదుగురిని తన తుపాకితో కాల్చివేశాడు. అక్కడ ఆగలేదు. సుమారు అరవై గజాల దూరంలో రెండవ అడ్డుగోడ ఉన్నది. అక్కడి మరతుపాకి పేలడం ప్రారంభిస్తే వెనుక వస్తున్న సైనికులకు దాగడానికి చోటు లేదు. శత్రువులు ఆ మరతుపాకిని త్రిప్పి గురిపెట్టే లోపల తాను అక్కడికి చేరుకోవాలి. ఓలియరీ చేరుకున్నాడు. ముగ్గురిని కాల్చి, ఇద్దరిని బందీలుగా పట్టుకున్నాడు. ఆ స్థావరం దాదాపుగా ఆయన ఒక్కడి వల్లనే స్వాధీనమైంది. వెనుక వచ్చినవారిపై కాల్పులు జరుగకుండా ఆయన నివారించగలిగాడని ప్రభుత్వ ప్రకటన పేర్కొన్నది.

ఈ చివరి అంశమే ఆ సాహసానికి అసలైన విలువను కలిగిస్తున్నది. ఆ ఉదయం ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. వారు కూడా ఏదో ఒక జర్మన్ పల్లెలో ఎవరో ఒక తల్లి ఎదురుచూస్తున్న బిడ్డలే. యుద్ధం ఇటువంటి కఠోరమైన లెక్కలతోనే నడుస్తుంది. అయితే ఓలియరీ పరుగు తీసినది సంహారం పట్ల ప్రీతితో కాదు. తన వెనుక నడచి వస్తున్నవారు మరతుపాకి వాత పడకూడదని. వీరత్వానికీ క్రూరత్వానికీ నడుమ ఉన్న భేదం అక్కడనే ఉన్నది.

ఓలియరీని మూడు రోజులలో సార్జెంటుగా పెంచారు. అదే ఫిబ్రవరి నెలలో ఆయనకు విక్టోరియా క్రాస్ ప్రకటించారు. విక్టోరియా రాణి 1856లో నెలకొల్పిన ఈ పతకం బ్రిటిష్ సైనిక పురస్కారాలలో అత్యున్నతమైనది. బంగారంతోగాని వెండితోగాని కాక సాధారణమైన కంచుతో దానిని తయారుచేస్తారు. అధికారికీ సిపాయికీ ఒకే పతకాన్ని ఇవ్వడం దాని ప్రత్యేకత. ఈ పతకాన్ని తెచ్చిపెట్టిన సాహసకార్యాలలో కాలక్రమాన మొట్టమొదటిది 1854లో జరిగింది. ఓడపై పడిన పేలని గుండును చేతులతో ఎత్తి సముద్రంలోకి విసరివేసిన నావికుడు చార్లెస్ లూకస్ దానికి కర్త. ఆయన కూడా ఐర్లండులో జన్మించినవాడే. భారతీయ సిపాయిలకు మాత్రం 1911 వరకు ఈ పతకం పొందే అర్హతనే కల్పించలేదు.

ఆనాడు బ్రిటన్‌లో నిర్బంధ సైనికసేవ లేదు. సైన్యంలో చేరే యువకులను ప్రచారం ద్వారానే ఆకర్షించవలసి ఉండేది. అందువల్ల ఓలియరీ వంటి వీరుడు ప్రభుత్వానికి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్లు దొరికాడు. ఒక్క ఐరిష్‌వాడు పదిమంది జర్మన్లను ఓడించాడని, ఆ ధైర్యాన్ని అనుసరించాలన్న కోరిక మీకు లేదా అని ప్రశ్నిస్తూ ఆయన బొమ్మతో గోడపత్రికలు వెలువడ్డాయి. పత్రికలు ఆయన చిత్రాలను ప్రచురించాయి. 1915 జూన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి స్వయంగా పతకాన్ని అందజేశాడు. జూలైలో లండన్‌లోని హైడ్ పార్కులో ఆయనను చూడడానికి వేలాది ప్రజలు గుమికూడారు. ఆ అక్టోబరులో ఆయన కన్నాట్ రేంజర్స్ దళంలో సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు. సిపాయిగా చేరినవాడు అధికారి కావడం ఆ రోజులలో అరుదైన గౌరవం. ఐర్లండు ఊళ్ళలో సైనికుల చేరిక కొరకు ఏర్పాటైన సభలలో కూడా ఆయన పాల్గొన్నాడు.

ఈ కోలాహలాన్ని మరొక కంటితో చూసినవాడు ప్రసిద్ధ నాటకకర్త జార్జి బెర్నార్డ్ షా. ఆయన డబ్లిన్‌లో జన్మించిన ఐరిష్‌వాడు. ఓలియరీ ఉదంతం ప్రేరణగా 1915లో ‘ఓఫ్లాహర్టీ వి.సి.’ అనే చిన్న నాటకాన్ని రచించాడు. అందులో విక్టోరియా క్రాస్ పొందిన సైనికుడు సొంత ఊరికి వస్తాడు. అతని తల్లి కరడుగట్టిన జాతీయవాది. తన కుమారుడు ఇంతకాలం ఇంగ్లీషువారికి వ్యతిరేకంగా పోరాడుతున్నాడని ఆమె నమ్మకం. నిజం తెలిసిన తరువాత ఆ ఇంటిలో చెలరేగే రభస కన్న యుద్ధరంగమే ప్రశాంతంగా ఉన్నదని సైనికునికి అనిపిస్తుంది. డబ్లిన్‌లోని ఆబీ నాటకశాలలో ఆ సంవత్సరమే జరుగవలసిన ప్రదర్శన అధికారుల అభ్యంతరాల నడుమ ఆగిపోయింది. నవ్వు పుట్టించే ఆ కథలో ఐరిష్ సైనికుని అసలు వేదన దాగి ఉన్నది. అతడు మోసే జెండా ఒకటి. అతని తల్లి గుండెలో ఉన్న జెండా మరొకటి.

ఆ వేదన త్వరలోనే దేశవ్యాప్తమైంది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో సాయుధ తిరుగుబాటు జరిగింది. దాని నాయకులను బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపడంతో ప్రజాభిప్రాయం పూర్తిగా మారిపోయింది. 1919 నుండి 1921 వరకు స్వాతంత్ర్యయుద్ధం సాగింది. ఓలియరీ అధికారిగా పనిచేసిన కన్నాట్ రేంజర్స్ దళానికి చెందిన ఒక పటాలం ఆ రోజులలో మన దేశంలో ఉండేది. 1920 జూన్‌లో, స్వదేశంలో జరుగుతున్న దౌర్జన్యాల వార్తలు విని జలంధర్‌లోని ఆ సైనికులు ఆయుధాలు విడిచి సేవను నిరాకరించారు. సోలన్‌లోని వారు కూడా ఆ బాట పట్టారు. వారి నాయకులలో ఒకడైన జేమ్స్ డేలీని నవంబరులో దగ్షాయి కారాగారంలో కాల్చి చంపారు. 1922లో ఐరిష్ స్వతంత్ర రాజ్యం ఏర్పడింది. అదే సంవత్సరం కన్నాట్ రేంజర్స్ దళం రద్దయింది.

ఓలియరీ ఆ ఘర్షణలో ఏ పక్షానా నిలువలేదు. యుద్ధకాలంలో మాసిడోనియా రంగంలో పనిచేసి, 1921లో సైన్యాన్ని వీడి మళ్ళీ కెనడాకు వెళ్ళాడు. బ్రిటిష్ పతకం ధరించిన వీరునికి కొత్త ఐర్లండులో ఉచితమైన స్థానం లేదు. బ్రిటన్‌కు కూడా ఆయన అవసరం తీరిపోయింది. ఏరు దాటి తెప్ప తగలేసిన చందంగా, యుద్ధం గెలిచిన దేశాలు తమ సైనికులను మరచిపోవడం ఆ దశాబ్దమంతటా కనబడుతుంది. పతకం వల్ల కూడు లభించదు. 1856 నాటి నిబంధనల ప్రకారం, అధికారి స్థాయికి దిగువన ఉండి విక్టోరియా క్రాస్ సాధించినవారికి నిర్ణయించిన ప్రత్యేక భృతి సంవత్సరానికి పది పౌండ్లు మాత్రమే.

కెనడాలో ఓలియరీ అనేక పనులు చేశాడు. ఉపన్యాసాలిచ్చాడు, ఒంటారియో రాష్ట్ర పోలీసు దళంలో మద్యనిషేధ చట్టాల అమలును పర్యవేక్షించాడు, ఆపైన ఒక రైల్వే సంస్థలో పోలీసుగా చేరాడు. ఆ ఉద్యోగంలో ఉండగా, విదేశీయులను సరిహద్దు దాటించి అమెరికాలోకి చేర్చాడన్న అభియోగం ఆయనపై వచ్చింది. విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా ఆ ఉద్యోగం నిలువలేదు. పదేళ్ళ క్రితం ఏ పేరును చూసి జనం నీరాజనాలు పట్టారో, అదే పేరు నిందారోపణల వార్తలలో కనిపించింది. 1932లో ఆయన కుటుంబంతో సహా అట్లాంటిక్ దాటి వెనుకకు వచ్చాడు.

లండన్‌లో మాజీ సైనికుల సంక్షేమం కొరకు పనిచేసే బ్రిటిష్ లీజియన్ అనే సంస్థ ఆయనకు అండగా నిలిచింది. తరువాత మేఫెయిర్ హోటలు ద్వారం వద్ద ఆయనకు ఉద్యోగం దొరికింది. వాహనాలలో వచ్చే సంపన్నులకు స్వాగతం పలుకుతూ తలుపులు తెరవడం ఆ ఉద్యోగి కర్తవ్యం. హైడ్ పార్కు అక్కడికి ఎంతో దూరం లేదు. ఒకనాడు తనను చూడడానికి వేలాది మంది తరలివచ్చిన మైదానానికి నడక దూరంలోనే ఓలియరీ తన ఏకరూప దుస్తులలో నిలబడి పనిచేశాడు. అతిథులలో ఎందరికి ఆయన ఎవరో తెలిసి ఉంటుంది? శ్రమించి బ్రతకడంలో చిన్నతనం ఏమీ లేదు. చిన్నతనం ఏదైనా ఉంటే అది ఆయనను గోడపత్రికలకెక్కించి, అవసరం తీరగానే మరచిపోయినవారిదే.

1939లో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. యాభైకి చేరువవుతున్న వయసులో ఓలియరీ మిడిల్‌సెక్స్ దళంలో కెప్టెన్‌గా మళ్ళీ సైనికసేవలో ప్రవేశించాడు. ఆరోగ్యం సహకరించకపోవడం వల్ల యుద్ధరంగానికి దూరంగా, దక్షిణ ఇంగ్లండులోని ఒక యుద్ధఖైదీల శిబిరంలో బాధ్యతలు నిర్వహించాడు. క్వించీలో ఇద్దరిని బందీలుగా పట్టుకొన్న సైనికుడు ఈసారి బందీల సంరక్షణను చూడవలసి వచ్చింది. 1945లో అనారోగ్య కారణంగా సైన్యం నుండి విడుదలై, గృహనిర్మాణ రంగంలో గుత్తేదారుగా 1954 వరకు శ్రమించాడు. 1959లో ప్రభుత్వం విక్టోరియా క్రాస్ గ్రహీతలందరికీ సంవత్సరానికి వంద పౌండ్ల భృతిని ఏర్పాటు చేసింది. ఆ తరువాత రెండు సంవత్సరాలకే, 1961 ఆగస్టు 2న ఓలియరీ లండన్‌లోని విటింగ్టన్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ నగరంలోని మిల్ హిల్ శ్మశానవాటికలో, ఐరిష్ గార్డ్స్ సైనికుల గౌరవవందనం నడుమ ఆయన అంత్యక్రియలు జరిగాయి. ఆయన పతకం ఆయన దళానికే చేరింది.

స్వతంత్ర ఐర్లండు చాలా కాలం పాటు ఇటువంటి సైనికులను గురించి మౌనం వహించింది. డబ్లిన్ సమీపంలోని ఐలండ్‌బ్రిడ్జి వద్ద మొదటి ప్రపంచయుద్ధ మృతుల కొరకు 1930లలో నిర్మించిన స్మారకవనం దశాబ్దాల తరబడి నిర్లక్ష్యానికి గురి అయింది. పునరుద్ధరణ జరిగి, 1988లో గాని అది సక్రమంగా ప్రజలకు అంకితం కాలేదు. 2011లో బ్రిటిష్ రాణి రెండవ ఎలిజబెత్ ఐర్లండును సందర్శించినప్పుడు అక్కడ పుష్పగుచ్ఛం ఉంచింది. స్వాతంత్ర్యం కొరకు పోరాడినవారిని స్మరించుకుంటూనే, పరాయి జెండా క్రింద మరణించినవారిని కూడా తమవారిగా అంగీకరించగల పరిణతి ఆ జాతికి క్రమంగా కలిగింది.

ఆ స్మారకవనానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలోని ఇండియా గేటును రూపొందించినవాడు కూడా ఆయనే. మొదటి ప్రపంచయుద్ధంలోను, 1919లో జరిగిన అఫ్ఘాన్ యుద్ధంలోను మరణించిన భారతీయ సైనికుల స్మృత్యర్థం నిర్మితమైన ఆ కట్టడంపై పదమూడు వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ పేర్ల వెనుక ఉన్న మనుషులెవరు? వారు ఏ పల్లెల నుండి, ఏ అవసరాల వల్ల బయలుదేరారు? వారి కుటుంబాలు ఆ తరువాత ఎలా బ్రతికాయి? ఐర్లండువారు తమను తాము వేసుకొన్న ఈ ప్రశ్నలు మనకు కూడా వర్తిస్తాయి.

ఓలియరీ ధైర్యాన్ని ప్రభుత్వం ప్రచారానికి వాడుకున్నది. నాటకకర్త హాస్యానికి ఉపయోగించుకున్నాడు. జాతీయవాదులు సందేహంతో చూశారు. ఎవరు ఏ విధంగా చూసినా ఆయన మాత్రం క్వించీలో తన వెనుక ఉన్నవారి కొరకు పరుగెత్తాడు. ఆ తరువాత నలభై ఆరు సంవత్సరాలు తనను నమ్ముకున్నవారి కొరకు శ్రమించాడు. మొదటి పరుగుకు పతకం లభించింది. రెండవదానికి ఏ పతకమూ లేదు. వీరుని గౌరవించడమంటే ఆయనకు పూలమాల వేయడం మాత్రమే కాదు. ఆ మాల వాడిపోయిన తరువాత కూడా ఆయన గౌరవంగా బ్రతకగల పరిస్థితిని కల్పించడం. ఆ బాధ్యతను గుర్తించినప్పుడే సమాజం తన వీరుల ఋణం తీర్చుకోగలుగుతుంది.